స్టవ్వులాయన కొత్త నిప్పు

మొన్న మా వెనక గుమ్మానికి గడియ బిగించడానికి వడ్రంగి వచ్చాడు. డ్రిల్లు మొన అరిగిపోయినట్టుంది, కొయ్యలోకి దిగనని మొరాయించింది. అతనికీ పంతం వచ్చి బలమంతా పెట్టి నొక్కాడు. కాసేపటికి గుమ్మంలోంచి సన్నగా పొగ లేచింది. పొయ్యి పొగ వాసన వేరు, ఇది వేరు. కాలీ కాలని కొయ్య వాసన, కాస్త తీపి, కాస్త చేదు. వంటింట్లో ఉన్నదాన్ని చేతిలో గరిటెతో సహా వచ్చి నిలబడ్డాను. "ఏం కాదు మేడం, బిట్టు మారుస్తా" అన్నాడతను, గుమ్మం పాడైందని నేను కంగారు పడుతున్నాననుకుని. నేను చూస్తున్నది గుమ్మాన్ని కాదు, ఆ రంధ్రం అంచున పోగైన నల్లటి పొడిని. స్టవ్వులాయన ఉండి ఉంటే వడ్రంగి భుజం పట్టుకుని "ఆపకు నాయనా, ఇంకాస్త తిప్పు, వచ్చేస్తోంది" అనేవారు. గుమ్మం సంగతి తర్వాత చూసుకుందామనేవారు.

ఆయనిప్పుడు లేరు. అయినా కొయ్య కాలిన వాసన ఎక్కడ తగిలినా నా మనసు ముందు ఆయన దగ్గరికే పోతుంది.

ఆయనకు పేరు లేక కాదు. గుడి రికార్డులో బాప్తిస్మం పేరొకటి ఉంది, రేషన్ కార్డు మీద మరొకటి ఉంది. ఊళ్ళో ఎవరికీ ఆ రెండూ అవసరం పడలేదు. గ్యాస్ స్టవ్వులు బాగుచేసేవారు కాబట్టి స్టవ్వులాయన. నేను మాత్రం బాబాయ్ గారూ అనేదాన్ని. పాత మోపెడ్ వెనక రేకు పెట్టె కట్టుకుని, అందులో బర్నర్లు, రబ్బరు ట్యూబులు, లైటర్లు వేసుకుని, నూజివీడు నుంచి చాట్రాయి దాకా, ఇటు విస్సన్నపేట దాకా తోటల మధ్య దారులన్నీ తిరిగేవారు. వీధిలో కేకలు వేయడం ఆయనకు నామోషీ. మోపెడ్ హారన్ ఒక పద్ధతిలో మోగించేవారు. ఆ హారన్ వినగానే ఆడవాళ్ళు స్టవ్వు దించి గుమ్మంలో పెట్టేవాళ్ళు.

స్టవ్వు బాగుచేయడం ఆయనకు చిటికెలో పని. ఆ తర్వాత చేసేదే అసలు పని. బర్నర్ వెలిగించి, గొంతుక్కూర్చుని, కళ్ళు మంటకు సమానంగా వచ్చేలా తల వంచి, అలా చూస్తూ ఉండిపోయేవారు. ఇంటావిడకు ఒకపక్క అన్నం వండుకునే వేళ దాటిపోతూ ఉంటుంది. "అయిపోయిందా అండీ" అంటే, "స్టవ్వు అయిపోయిందమ్మా, నేనే అవలేదు" అనేవారు.

గొప్పలకు లోటు లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దున్నే టీ మరుగుతోందంటే అది తన చలవేనని అందరి ముందూ చెప్పుకునేవారు. తను అమ్మే లైటర్ల మీద మాత్రం ఆయనకే గౌరవం లేదు. ఒకసారి మా ఇంట్లో కొత్త లైటర్ నొక్కి చూపించి, వెలగగానే ముఖం అదోలా పెట్టారు. "ఇది నిప్పు కాదమ్మాయ్. నిప్పు ఫోటో" అన్నారు.

"మరి నిప్పేది బాబాయ్ గారూ?"

"కట్టెలో ఉంది. ఎక్కడుందో తెలీదు. చీల్చి చూస్తే లేదు. రుద్దితే ఉంది."

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. సైన్సు నా పని కాకపోయినా, రాపిడికి వేడి పుడుతుందని ఆయనకు చెప్పబోయాను. చెప్పనివ్వలేదు. "అది నాకూ తెలుసులే. చలికాలం చేతులు రుద్దుకుంటాం, వేడి పుడుతుంది. నిప్పెందుకు పుట్టదు? సరే, చేతులు పచ్చివి. మరి రెండు చింత కట్టెలు రుద్దు, చచ్చినా రాదు. జిల్లేడు కట్టె రుద్దు, పొగొస్తుంది. జిల్లేడుకున్నదేంటి, చింతకు లేనిదేంటి?" అన్నారు. నాకు తెలియదన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. తెలియదనేవాళ్ళంటే ఆయనకు ప్రాణం. తెలుసన్నవాళ్ళ ఇంట్లో స్టవ్వు బాగుచేసి వెంటనే లేచి వెళ్ళిపోయేవారు.

ఆ రేకు పెట్టెలో అడుగున ఇంకో అర ఉండేది. అందులో సామాను ఎవరూ కొనేది కాదు. వావిలి కొమ్మలు, ఎండిన జిల్లేడు కాడలు, బూరుగు చెక్క, మునగ చెక్క, కంది కట్టెలు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి ఉండేది. తోటల వెనక గుట్టల మీద ఏ పొద కనిపించినా మోపెడ్ ఆగాల్సిందే. విరిచి, వాసన చూసి, గోటితో గీరి, నమిలి కూడా చూసేవారు. జిల్లేడు కాయ పగిలితే వచ్చే దూదిని చొక్కా జేబులో కుక్కుకునేవారు, నిప్పు పుడితే అందులోకి పట్టుకోవాలని. ఆ దూది ఆయన మీసాల మీద, మోపెడ్ సీటు మీద, చివరికి మా వంటింట్లో పోపుల డబ్బా మీద కూడా వాలేది.

పద్ధతి చూడటానికి తేలికే. చదునైన జిల్లేడు చెక్కకు చిన్న గుంట చేసి, ఆ గుంట పక్క నుంచి అంచుదాకా గాటు పెట్టేవారు. గుంటలో వావిలి పుల్ల నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పేవారు. తిప్పుతుంటే చేతులు కిందికి జారిపోతాయి. మళ్ళీ పైకి తెచ్చుకోవాలి. గాటులో నల్లటి పొడి పోగవుతుంది, పొగ వస్తుంది. ఆ పొడిలో ఎర్రటి నలుసు ఒకటి పుట్టాలి. అక్కడే వచ్చింది చిక్కు. పొగ వచ్చేది, నలుసు వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి రాలేదు.

మొదట్లో అయితే మామిడి కట్టెతోనే తెస్తానని పట్టుబట్టారు. మామిడి దేశంలో పుట్టి, మామిడి నీడన పెరిగి, జిల్లేడును దేబిరించడం ఏంటని ఆయన బాధ. అరచేతులు బొబ్బలెక్కాక ఒప్పుకున్నారు. వాళ్ళావిడది ఉంగుటూరు. వరిచేల మధ్య నుంచి మా మెట్ట ప్రాంతానికి కాపురానికొచ్చిన మనిషి. ఆ బొబ్బలకు వెన్న రాస్తూ "మా ఉంగుటూరులో నిప్పు కావాలంటే పక్కింటికెళ్ళి అడిగేవోళ్ళం. చెట్లని అడిగేవోళ్ళం కాదు" అంది. ఆవిడను నేను పిన్నీ అంటాను. పిన్ని బర్రెను పెట్టుకుంది. మిక్సీలో పెరుగు తిప్పితే వెన్న చచ్చిపోతుందని, ఇప్పటికీ స్తంభానికి కవ్వం కట్టి తాడుతో చిలుకుతుంది. మొగుడి నిప్పు పిచ్చి గురించి ఆవిడ అభిప్రాయం ఊరందరికీ తెలుసు.

ఇంత తాపత్రయం దేనికంటే, గుడి కోసం. మాది కథోలిక గుడి. ఈస్టర్ ముందు రోజు శనివారం పొద్దు గూకాక గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. జనమంతా వెలిగించని కొవ్వొత్తులు పట్టుకుని ఆవరణలో చీకట్లో నిలబడతారు. అక్కడ కొత్తగా నిప్పు రాజేస్తారు. ఫాదర్ ఆ నిప్పును దీవించి, దానితో పెద్ద కొవ్వొత్తి వెలిగించి, చీకటి గుడిలోకి నడుస్తారు. ఆ ఒక్క వత్తి నుంచే అందరి వత్తులూ అంటుకుంటాయి. ఆ నిప్పు రాజేసే పని స్టవ్వులాయన ఇంటిది. వాళ్ళ నాన్న చెకుముకి రాయి కొట్టి తెచ్చేవాడట. తండ్రి రాతిలోంచి తెస్తే తను కట్టెలోంచి తేవాలని కొడుకు పట్టుదల.

"కొత్త నిప్పంటే ఏంటి? ఇంతకుముందు లేనిది. అప్పుడే, అక్కడే పుట్టాలి" అనేవారు.

"అగ్గిపుల్ల నిప్పు కూడా గీసేదాకా లేదు కదా బాబాయ్ గారూ."

"అది ఫ్యాక్టరీలోనే పుల్లకు పెట్టి పంపిన నిప్పు. మనం మూత తీస్తున్నామంతే."



ప్రతి ఏడూ జరిగే తంతు ఒకటే. ఆయన గోనె పట్టా పరుచుకుని కూర్చుని పుల్ల తిప్పేవారు. పొగ వచ్చేది. జనం మెడలు సాచేవారు. ఇక లాభం లేదనుకున్నాక ఆయన జనానికి వీపు పెట్టి, చాటుగా అగ్గిపెట్టె తీసి కర్పూరం వెలిగించేవారు. చాటు ఆయనకే. అందరికీ తెలుసు. మా పాత ఫాదర్ ఆ సమయానికి ఆకాశంలో చుక్కలు చూస్తూ ఉండేవారు.

తర్వాత గుంటూరు వైపు నుంచి కొత్త ఫాదర్ బదిలీ మీద వచ్చారు. చిన్న వయసు, ముక్కుసూటి మనిషి. మొదటి ఈస్టర్‌కే ఆ వీపు వెనక వ్యవహారం చూశారు. మరుసటి ఏడు ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం పూజ అయ్యాక స్టవ్వులాయనను పిలిచారు. కొవ్వొత్తుల పని నాది కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

"చూడండి పెద్దాయనా, మీ మీద నాకు కోపం లేదు. కానీ దొంగచాటుగా అగ్గిపుల్ల గీసి, అది కట్టెలోంచి వచ్చిందంటే నేను దీవించలేను. దానికన్నా లైటర్‌తో వెలిగిద్దాం, అందరూ చూస్తుండగానే. మన గుడి యూత్ కుర్రాళ్ళు చూసుకుంటారు."

స్టవ్వులాయన తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నారు. "ఈ ఒక్కసారి ఇవ్వండి ఫాదర్" అన్నారు.

"ఇస్తాను. నిజంగా తెండి. కోయిర్ వాళ్ళు మొదటి పాట పాడి ముగించేలోపు రావాలి. రాకపోతే వచ్చే ఏటి నుంచి యూత్ వాళ్ళే."

ఆ ఏడు ఈస్టర్ బాగా ఆలస్యంగా, ఏప్రిల్ చివర్లో పడింది. అప్పటికే మా తోటలో తొలి కోత అయి, బంగినపల్లి కాయలు మాగబెట్టే గదిలో ఉన్నాయి. మా గది చిన్నది, కిటికీ లేనిది. నేల మీద వరిగడ్డి, దాని మీద కాయలు, మళ్ళీ గడ్డి. తలుపు తీస్తే వేడి ముఖానికి కొడుతుంది. బుధవారం పొద్దున స్టవ్వులాయన తన కట్టెలన్నీ తువ్వాలులో మూటగట్టుకుని వచ్చారు. శనివారం దాకా వాటిని ఆ గదిలో ఉంచుతానన్నారు. ఊళ్ళో అంత వేడి గది ఇంకోటి లేదట. గాలి తగలని వేడిలో ఉంటే కట్టెల్లో తడి చుక్క కూడా మిగలదట.

"అది కాయలు చెమటలు కక్కే గది బాబాయ్ గారూ. డాబా మీద ఎండేసుకోండి" అన్నాను.

"చెమట ఎందుకు పడుతుంది? వేడికే కదా. నువ్వు సోషల్ చెప్పుకోమ్మా" అన్నారు.

మూట తీసుకెళ్ళి కాయల మీద, గడ్డి మధ్యలో, బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టి వచ్చారు. రోజూ వచ్చి తలుపు సందులోంచి చూసి, వేడి చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళేవారు.

శనివారం సాయంత్రం ఆవరణ నిండిపోయింది. యూత్ వాళ్ళు ఎండు కొమ్మలు పేర్చి ఉంచారు. దీపాలు ఆర్పారు. రోడ్డు మీద మామిడి లారీలు పోతున్నప్పుడు వాటి వెలుతురు గోడ మీదుగా జనం ముఖాల మీదికి వచ్చి పోతోంది. స్టవ్వులాయన తెల్ల పంచె, తెల్ల చొక్కాతో పట్టా మీద కూర్చున్నారు. వెనక పిన్ని నిలబడింది. పాట మొదలైంది.

పుల్ల తిరిగింది. పొగ మామూలుకన్నా ముందే వచ్చింది, మామూలుకన్నా ఎక్కువ వచ్చింది. జనంలో కదలిక పుట్టింది. ఆయన చేతులు కిందికి జారడం, పైకి పోవడం, మళ్ళీ జారడం. పాట అయిపోవచ్చింది. కోయిర్ వాళ్ళు ఎవరూ చెప్పకుండానే చివరి చరణం మళ్ళీ ఎత్తుకున్నారు. అదీ అయితే ఇంకోసారి ఎత్తుకున్నారు. వాళ్ళు అలిసి ఆపేదాకా ఫాదర్ ఆగారు. అప్పటికీ గాటులో నల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. ఫాదర్ లైటర్ తీసి, వంగి, కొమ్మలకు అంటించారు. ఎలాంటి హడావుడీ లేకుండా అంటుకున్నాయి.

పిన్ని ముందుకొచ్చి ఆయన చేతుల్లోంచి పుల్ల తీసుకుంది. ఆయన వదల్లేదు, ఆవిడే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. జనం కొవ్వొత్తులు వెలిగించుకుని గుడిలోకి కదులుతున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని కొవ్వొత్తి చేతికిచ్చాను. ఏడుస్తారనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, "పొగ అంత తెల్లగా వచ్చిందేంటమ్మాయ్? ఎప్పుడూ నీలంగా వస్తుంది కదా" అన్నారు. ఇంటికెళ్ళాక ఏడ్చారట. మర్నాడు ఈస్టర్ పూజకు రాలేదని, గోడ వైపు తిరిగి పడుకుని అన్నం కూడా తినలేదని పిన్ని చెప్పింది. ఆవిడ కూడా ఆ రోజు ఒక్క ఎగతాళి మాట అనలేదు. నాకు ఫాదర్ మీద కోపం రావాలి, రాలేదు. ఆయన మాట ప్రకారం చేశారు. నాకు కోపమంతా ఆ పాట మీద వచ్చింది, ఇంకాస్త పొడుగ్గా రాసి ఉండాల్సింది.

అవమానం ఆయన్ను ఎక్కువ రోజులు కట్టిపడేయలేకపోయింది. ఆ తెల్లటి పొగ నిద్రపోనివ్వలేదు. ఆ వారంలోనే మా ఇంటికొచ్చి, సాసరులో గుప్పెడు కల్లుప్పు పోయించుకుని, మాగబెట్టే గదిలో పెట్టి తలుపేశారు. మర్నాడు తీసి చూస్తే ఉప్పు నీరుకారి సాసరులో తేలుతోంది. ఆ సాసరు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఆయన నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది.

"వేడి వేరు, పొడి వేరు" అన్నారు. "ఇన్నేళ్ళొచ్చాయి, మంటలతో బతికాను, ఇది తెలీలేదు చూడు. కాయలు ఊపిరి పీలుస్తున్నాయమ్మాయ్. ఆ ఊపిరంతా నా కట్టెలు తాగేశాయి."

"నేను చెప్పాను కదా."

"నువ్వు చెప్పావు. ఉప్పు చూపించింది."

పందెం ఓడిపోయారు. వచ్చే ఏటికి ఆ పని ఆయనది కాదు. అయినా కొత్తగా వావిలి కొమ్మలు కోసి, జిల్లేడు చెక్క చెక్కి, ఈసారి వాళ్ళ రేకుల షెడ్డు మీద ఎండబెట్టారు. ఇంకెందుకండీ అని ఎవరో అడిగితే, "ఎందుకంటే ఏం చెప్తాం. వస్తుందో రాదో చూడాలి కదా" అన్నారట. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది అప్పుడే. అంతకుముందు ఉన్నది సరదా.

రోహిణి కార్తె ఎండలు మండిపోతున్న రోజుల్లో, మా తోటలో రసాల కోత నడుస్తుండగా, కట్టెల మూటతో దిగారు. కోతవాళ్ళు అన్నాలకు పోయారు. చెట్టు కింద నేనూ ఆయనే ఉన్నాం. పుల్ల తిప్పడం మొదలుపెట్టారు. పొగ నీలంగా వచ్చింది. "చూశావా, చూశావా" అంటున్నారు గానీ చేతులు జారినప్పుడల్లా పుట్టిన వేడి పుట్టినట్టే పోతోంది. ఈలోపు పిన్ని క్యారేజీతో వచ్చింది. అన్నం తినమంది. ఆయన వినలేదు. ఆవిడ కాసేపు నిలబడి చూసి, క్యారేజీ కింద పెట్టింది.

"చేతులు జారుతుంటే చేతులతోనే ఎందుకు తిప్పడం? కవ్వానికి చుట్టినట్టు తాడు చుట్టొచ్చు కదా" అంది.

ఆయన తల ఎత్తలేదు. "తెలుసే. పంతుళ్ళు యజ్ఞాలకి అట్టాగే చిలికి తెస్తారంట. దానికి ఇద్దరు కావాలి. ఒకళ్ళు పైన అదిమి పట్టుకోవాలి, ఒకళ్ళు లాగాలి. ఇద్దరు చేస్తే నిప్పు ఎవరిదవుద్ది?"

"అన్నం చల్లారిపోతంది. ఎవరిదైతే ఏంటి, ముందు రానివ్వండి."

ఆవిడే కాయల బుట్టకు కట్టిన తాడు విప్పి, పుల్లకు రెండు చుట్లు చుట్టింది. నా చేత కొబ్బరి చిప్ప తెప్పించి, పుల్ల నెత్తిన బోర్లించి, ఆయన చేత నొక్కి పట్టించింది. ముందు ఆయనే లాగుతానన్నారు. ఆయన లాగుడు ఆయిల్ ఇంజన్ స్టార్ట్ చేసినట్టుంది, పుల్ల ఎగిరి అవతల పడింది. పిన్ని తాడు తీసుకుంది. మజ్జిగ చిలికే చేతులవి. ఓ పక్కకు ఎంతో, ఇంకో పక్కకు అంతే, తొందర లేదు, ఆగడం లేదు. పుల్ల ఒక్క తీరున బుర్రుమని తిరిగింది. చెక్క నుంచి పొగ లేచి చిక్కబడింది. పిన్ని ఆపాక కూడా గాటులోని పొడి నుంచి పొగ వస్తూనే ఉంది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. నల్లటి పొడి లోపల ఆవగింజంత ఎరుపు.

ఆయన జిల్లేడు దూదిలోకి, కొబ్బరి పీచులోకి ఆ నలుసును వంచి, బిడ్డ కంట్లో నలక ఊదినట్టు ఊదారు. ఇంకోసారి ఊదారు. పీచు గుప్పున అంటుకుంది. ఆయన దాన్ని చేతిలో అలా పట్టుకునే ఉండిపోయారు. చెయ్యి కాలుతుంటే పిన్నే లాగి ఎండాకుల మీద పడేసింది.

"ఇందాకటిదాకా ఇది లేదు" అన్నారాయన. గొప్పగా అనలేదు. ఎవరితోనో తప్పు చెప్పుకున్నంత మెల్లగా అన్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకూ వచ్చాయి. పొగ వల్లనని చెప్పుకునే అవసరం ఆ రోజు ఎవరికీ లేదు.

ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అన్నేళ్ళు వెంటపడ్డ నిప్పు వచ్చి ఎదురుగా కూర్చుంది. పిన్ని మూడు రాళ్ళు పేర్చి, కోతవాళ్ళ గిన్నెలో టీ పెట్టింది. ఆయన ఫోన్ తీసి ఫాదర్‌కు చేశారు. "వచ్చిందండి" అని ఒక్కమాట అని పెట్టేశారు. టీ మరుగుతుండగానే ఫాదర్ బైకు మీద వచ్చారు. చెక్క చూశారు, గుంట చూశారు, గాటు చూశారు, తాడు చూశారు. టీ తాగారు.

"వచ్చే ఈస్టర్‌కు మీరే తేవాలి పెద్దాయనా. యూత్ వాళ్ళకు నేను చెప్పుకుంటాను" అన్నారు. ఆగి, "దీన్ని ఆరనివ్వకుండా అప్పటిదాకా ఉంచొచ్చా?" అని కూడా అడిగారు. ఆయన కూడా చెట్టు కింద చతికిలబడి మాలో ఒకరైపోయారు.

"అబ్బే, ఇది టీ కాచిన నిప్పండి. పాతబడిపోయింది. అప్పటికి మళ్ళీ కొత్తది తేవాల్సిందే" అన్నారు స్టవ్వులాయన. ఫాదర్ ఎదుట ఆయన గొంతులో పాత గీర తిరిగొచ్చింది. తర్వాత జిల్లేడు గురించి, వావిలి గురించి, మామిడి కాయల ఊపిరి గురించి ఫాదర్‌కు చెప్పడం మొదలుపెట్టారు. కోతవాళ్ళు అన్నాలు తిని వచ్చినా ఆపలేదు. తన క్యారేజీ మాత్రం విప్పలేదు.

ఆ ఏడే వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆయన పోయారు. రాత్రి మామూలుగానే భోంచేసి పడుకున్నారు, పొద్దున లేవలేదు. జబ్బు లేదు, మంచం పట్టింది లేదు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ రోజు స్టవ్వు వెలిగిస్తూ ఆయన మాటే అనుకున్నారు.

మళ్ళీ ఈస్టర్ వచ్చింది. స్టవ్వులాయన లేరు కాబట్టి యూత్ వాళ్ళు కొమ్మలు పేర్చి, లైటర్ సిద్ధం చేసుకున్నారు. దీపాలు ఆరాయి. అందరం కొవ్వొత్తులతో ఆవరణలో నిలబడ్డాం. ఫాదర్ తెల్లటి పూజ వస్త్రాలతో, పుస్తకంతో వచ్చారు. అప్పుడు జనం పక్కకు జరగడం కనిపించింది. పిన్ని వస్తోంది. చంకలో గోనె పట్టా, చేతిలో తువ్వాలు మూట.

పట్టా పరిచి ఆయన కూర్చునే చోటే కూర్చుంది. మూట విప్పి, చెక్క, పుల్ల, తాడు, కొబ్బరి చిప్ప ఒక్కొక్కటే బయట పెట్టింది.

"అమ్మా" అన్నారు ఫాదర్, వంగి, నెమ్మదిగా. "మీకెందుకు శ్రమ. ఆయన లేరు కదా."

"ఆయనకి మాటిచ్చారు కదండీ మీరు. ఆయన లేకపోతే ఏం. కట్టెలున్నాయి" అంది పిన్ని. పుల్లకు తాడు చుడుతూనే ఉంది. "పైన చిప్ప ఎవరో ఒకళ్ళు పట్టుకోవాలి."

నన్నే పిలుస్తుందనుకుని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఫాదర్ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఫాదర్ పుస్తకం నా చేతికిచ్చి, వస్త్రాలు మట్టిలో పడుతున్నా చూసుకోకుండా ఆవిడ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చిప్ప పట్టుకున్నారు. గట్టిగా నొక్కితే పుల్ల కదల్లేదు. వదులుగా పడితే పక్కకు పోయింది. "అంత గట్టిగా కాదండి. అట్టా. ఆ, అట్టాగే" అని పిన్ని చెబుతుంటే ఆయన వింటున్నారు. కోయిర్ వాళ్ళు పాట అందుకున్నారు. తాడు అటూ ఇటూ నడిచింది. పుల్ల బుర్రుమంది. చీకట్లో పొగ కనిపించలేదు, ముందు వాసన వచ్చింది. జనమంతా ఆ వాసన ఎరిగినవాళ్ళే. పాట పాడుతున్నవాళ్ళ గొంతులు తడబడ్డాయి. ఎవరికీ చరణం పెంచాల్సిన పని పడలేదు.

పిన్ని తాడు వదిలింది. గాటులో ఎర్రటి నలుసు, అంత చీకట్లో వెనక వరుసలవాళ్ళకు కూడా కనిపించింది. దూదిలోకి వంచి ఆవిడే ఊదింది. మంట లేచింది.

ఫాదర్ లేచి నిలబడి, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని తెరిచారు. "పెద్దాయన ఉండి ఉంటే" అని మాత్రం అనగలిగారు.

పిన్ని మంటకు కొబ్బరి పీచు అందిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఉంటే ఈపాటికి మనందర్నీ నిలబెట్టి గంటసేపు చెప్పేవారండి. మీరు కానివ్వండి ఫాదర్, ఆరిపోద్ది."